ఎక్కువ పెట్టి కొన్న నేల: బొంబాయి చరిత్ర చెప్పు లెక్క

“నేలకు పెరుగుటయే గాని తరుగుట లేదు, నేడు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నను, రేపు కాలమే దానిని సరిచేయును” అను మాట మన యిండ్లలో పెద్దల నోట తరచుగా వినబడుచుండును. ఉద్యోగరీత్యా రాష్ట్రము విడిచి దూరప్రాంతములలో కాపురముండి, జీవితములో ఒక్కసారి మాత్రమే ఒక యిల్లో, కొద్దిపాటి స్థలమో కొనగల మనవంటి వారికి ఈ మాట మిక్కిలి ఊరట కలిగించును. ఇది పూర్తిగా అబద్ధమైన మాట కాదు. పూర్తిగా అబద్ధమైనచో లోకము ఇంతకాలము నమ్మియుండెడిది కాదు. ఎవరి విషయమున నిజము, ఎవరి విషయమున కాదు, అను విచారణ మాత్రము సాధారణముగా జరుగదు. ఆ విచారణకు మన దేశములోనే మంచి సాక్ష్యమున్నది. అది బొంబాయి నగరములో 1861 మొదలు 1865 వరకు నడచిన కథ.

బొంబాయి మొదట ఏడు చిన్న ద్వీపముల సముదాయము. 1661లో పోర్చుగీసు రాకుమారి వివాహ సందర్భమున అది ఇంగ్లండు రాజైన రెండవ చార్లెసునకు కట్నముగా దక్కెను. 1668లో ఆ రాజు దానిని సాలుకు పది పౌనుల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. నగరములలోని నేల ధర ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు ఈ పది పౌనుల లెక్క ఒక్కటి చాలును. తరువాతి రెండు శతాబ్దులలో ద్వీపముల నడుమ నున్న కయ్యలను, పల్లపు నేలలను కొంచెము కొంచెముగ పూడ్చి ఒకటిగా కలిపిరి. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు 21 మైళ్ళ దూరము రైలు నడచెను. దక్కను నుండి, గుజరాతు నుండి ప్రత్తి ఈ రేవునకు దిగుట మొదలిడెను. కోటలోపలి పేటలు క్రిక్కిరిసిపోయెను. 1862లో గవర్నరుగా వచ్చిన సర్ బార్టిల్ ఫ్రియర్ పాత కోటగోడలను పడగొట్టించి, ఆ స్థలములను కట్టడముల కొరకు విక్రయింపజేసెను. మూడు వైపుల సముద్రము, నడుమ ఇరుకైన నేల, దినదినము పెరుగు వర్తకము: కావున బొంబాయిలో నేలకు గిరాకి కల్పితమైనది కాదు. జరుగబోవు అనర్థమునకు మూలము కూడ ఈ నిజమైన గిరాకియే యని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1861 ఏప్రిలులో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఉత్తరమువారు దక్షిణమువారి రేవులను దిగ్బంధించిరి. అంతవరకు ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు వచ్చు ప్రత్తిలో నూటికి 75 పాళ్ళకు పైగా ఆ దక్షిణ రాష్ట్రముల నుండియే వచ్చుచుండెను. ఆ సరఫరా ఆగిపోగా మిల్లుల యజమానులు హిందూదేశపు ప్రత్తిపై పడిరి. ప్రత్తి ధర అనేక రెట్లు పెరిగెను. ఈ అయిదేండ్లలో మామూలు ధరకు మించి బొంబాయికి చేరిన సొమ్ము దాదాపు 8 కోట్ల పౌనులని ఆనాటి నగర చరిత్రకారులు లెక్కగట్టిరి. అంత ధనము ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు దానిని ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న పుట్టును. బొంబాయి వర్తకులకు తోచిన సమాధానము నేల. ఉన్న నేల చాలదు గనుక, సముద్రమును పూడ్చి క్రొత్త నేల తీయవలెనని వారు సంకల్పించిరి.

ఈ సంకల్పమునందు తెలివితక్కువతనము లేదు. నగరమునకు తూర్పు వైపున ఎల్ఫిన్‌స్టన్ లాండ్ అండ్ ప్రెస్ కంపెనీ యనునది అంతకు ముందే ఆ పని మొదలుపెట్టియుండెను. దానిని చూచి కొలాబా, మజగాం మొదలైన చోట్ల భూమి కంపెనీలు బయలుదేరెను. వీనిలో పేరుమోసినది పడమటి తీరమున నున్న బ్యాక్‌బే సముద్రమును పూడ్చుటకు ఏర్పడిన బ్యాక్‌బే రిక్లమేషన్ కంపెనీ. 5,000 రూపాయల షేరు బజారులో ఎగబ్రాకి 50,000 రూపాయల దాకా పలికెను. అప్పటికి అచ్చట నేల లేదు. అలలు మాత్రమే ఉండెను. “నేల విడిచి సాము” అని మనవారు ఉపమానముగ చెప్పు మాట అక్కడ అక్షరాల జరిగినది. 1865 జనవరి నాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 16 ఫైనాన్షియల్ అసోసియేషన్లు, 8 భూమి కంపెనీలు ఉండెనని లెక్కలు చెప్పుచున్నవి.

ఇంత ధర పెట్టి కొనుచున్నామే యని ఆనాడు ఎవరికిని తోచలేదా? తోచకుండుటకు బలమైన కారణమున్నది. 1863లో ఎక్కువ పెట్టినాడని నలుగురిచేత నవ్వబడినవాడు 1864లో బుద్ధిమంతుడని పేరు పొందెను. ఎక్కువ పెట్టుటకు జంకి వెనుకకు తగ్గినవాడు పిరికివాడయ్యెను. పెరుగుచున్న బజారులో పొరపాటు చేసినవానికి వెంటనే శిక్ష పడదు. పైగా బహుమానము లభించును. ఆ బహుమానమును చూచి ఇరుగుపొరుగువారు అదే త్రోవ పట్టుదురు. దళారులు, వర్తకులు, గుమాస్తాలు, వకీళ్ళు అందరును దిగిరి. చేతిలో సొమ్ము లేనివారు వాయిదా బేరములకు దిగిరి. అనగా నేడు ధర నిర్ణయించుకొని, కొన్ని నెలల తరువాత ఒక నిర్ణీత దినమున సొమ్ము చెల్లించి షేరు పుచ్చుకొందుమని ఒడంబడిక చేసికొనుట. ఆ దినము వచ్చులోపల ధర పెరుగును, మరియొకనికి అమ్మి లాభము మాత్రము తీసికొందుము, అని వారి యాశ.

ఈ అగ్నికి గాలి విసరినవి బ్యాంకులు. 1840లో స్థాపింపబడి ప్రభుత్వ భాగస్వామ్యముతో నడచిన బ్యాంక్ ఆఫ్ బాంబేకు మొదట అప్పులిచ్చు విషయమున కఠిన నిబంధనలు ఉండెడివి. 1863లో వచ్చిన క్రొత్త శాసనము ఆ కట్టుబాట్లను సడలించెను. షేర్లు తనఖా పుచ్చుకొని అప్పులిచ్చుట, ఆ అప్పుతో కొన్న షేర్ల ధర పెరుగుట, పెరిగిన ధరను చూపి మరల అప్పు తెచ్చుట, ఇట్లు చక్రము తిరిగెను. ఆ కాలపు బొంబాయిలో అందరికంటె పలుకుబడి గలవాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1831లో సూరతులో పుట్టిన యీతడు దళారిగా ఆరంభించి బ్యాంకులను, కంపెనీలను తన మాటపై నడపగల స్థితికి వచ్చెను. అతని కలము గీతతో షేర్లు దొరకునని జనులు అతని వాకిట నిలిచియుండెడివారట.

1865 ఏప్రిల్ 9వ తేదీన దక్షిణ సైన్యాధిపతి లీ లొంగిపోయెను. యుద్ధము ముగిసినదను వార్త బొంబాయి చేరగానే ప్రత్తి ధర పడిపోయెను. ప్రత్తి ధర పడగానే దానిపై వ్యాపారులు తెచ్చిన అప్పులు కదలెను. అప్పులు కదలగానే షేర్లు అమ్మకమునకు వచ్చెను. కొనువాడు లేడు. 1865 జులై 1వ తేదీ అనేక వాయిదా బేరములు చెల్లవలసిన దినము. ఆ దినమున ఇచ్చెదమన్న సొమ్ము ఇవ్వగలవారు కొద్దిమందియే. ఒకడు ఇయ్యకపోవుటచే రెండవవాడు, అతడు ఇయ్యకపోవుటచే మూడవవాడు, ఈ విధముగ గొలుసంతయు తెగెను. 50,000 రూపాయల దాకా పలికిన బ్యాక్‌బే షేరు 2,000 రూపాయలకు దిగువకు వచ్చెను. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87 రూపాయలకు దిగెను. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ దివాలా తీసెను. మూలధనములో అత్యధిక భాగమును పోగొట్టుకొన్న బ్యాంకు 1868లో మూతపడగా, దాని స్థానమున అదే పేరుతో క్రొత్త బ్యాంకు ఏర్పడెను. అది 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసెను. ఆ ఇంపీరియల్ బ్యాంకే 1955లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యెను.

దెబ్బ ధనవంతులకే తగలలేదు. 1864 జనాభా లెక్కలలో బొంబాయి జనసంఖ్య 8,16,562. 1872 నాటికి అది 6,44,405కు తగ్గెను. ఈ తగ్గుదలకు కారణములు అనేకములు ఉండవచ్చును గాని, పనులు ఆగిపోయి కూలిజనులు స్వస్థలములకు మరలుట వానిలో ముఖ్యమైనది. ఆ నగరపు కట్టడములకు చెమటోడ్చినవారిలో మన తెలుగువారును కలరు. కామాఠిపురమునకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు హైదరాబాదు సంస్థానము నుండి వలసపోయిన తెలుగు పనివారు. షేరు ఎరుగని ఇట్టి జనులకు కూడ, ఇతరులు ఎక్కువ పెట్టి కొన్న నేల తాలూకు నష్టములో భాగము పంచబడెను.

ఇచ్చట ఒక పాఠకుడు ఆక్షేపింపవచ్చును: “వారు కొన్నది షేర్లు గాని నేల కాదు గదా! నేలయే కొనియుండినచో కాలము వారిని కాపాడియుండును.” ఈ ఆక్షేపణకు సమాధానము ఆ నేలయొక్క తరువాతి చరిత్రలోనే కలదు. తూర్పు తీరమున ఎల్ఫిన్‌స్టన్ కంపెనీ తీసిన నేల నిష్ఫలము కాలేదు. ప్రభుత్వము దానిని 1870 ప్రాంతమున కొనెను. 1873లో ఏర్పడిన పోర్టు ట్రస్టునకు అదియే పునాది. అచ్చట గొప్ప రేవు వెలసెను. పడమటి తీరమున బ్యాక్‌బే కంపెనీ పని సగములో ఆగి, కంపెనీ రద్దయ్యెను. 1920లో ప్రభుత్వము 1,145 ఎకరములు తీయుదమని మరల పూనెను. ఖర్చులు మితిమీరెను. కె. ఎఫ్. నారిమన్ అను న్యాయవాది ఆ పథకములోని దుర్వ్యయమును బయటపెట్టెను. తలపెట్టిన నేలలో సగమునకు తక్కువ మాత్రమే తేలెను. స్వాతంత్ర్యానంతరము ఆ తీరముననే మరికొంత పూడ్చగా ఏర్పడిన భాగమునకు ఆయన పేరే పెట్టి నారిమన్ పాయింట్ అనిరి. 1990ల మధ్యకాలమున ప్రపంచములోకెల్ల అధికమైన కార్యాలయపు అద్దెలు పలికిన చోట్లలో ఆ నారిమన్ పాయింట్ ఒకటి.

అనగా 1864లో జనులు కలగన్నది వ్యర్థస్వప్నము కాదు. బ్యాక్‌బే నేల బంగారమగునని వారు చెప్పిన జోస్యము ఫలించెను. కాని ఫలించుటకు నూరేండ్లకు పైగా పట్టెను. నేల గెలిచెను, కొన్నవారు ఓడిరి. “కాలము సరిచేయును” అను మాటలోని లోటు ఇచ్చట స్పష్టమగుచున్నది. కాలము నేల ధరను సరిచేయును. కాని అంతవరకు ఓపిక పట్టుటకు కొన్నవానికి వ్యవధి ఉన్నదా లేదా యని అది విచారింపదు. 1865 జులై 1వ తేదీన సొమ్ము కట్టవలసినవానికి 1965లో ఆ నేల ఏమి పలుకునో చెప్పి ప్రయోజనమేమి?

ఇక మన వంటివారి లెక్కకు వత్తము. న్యాయముగా 40 లక్షలు చేయు స్థలమును ఒకడు తొందరపడి 50 లక్షలకు కొనెననుకొందము. సాలుకు నూటికి పదివంతున ధర పెరుగుచున్నచో, రెండున్నర సంవత్సరములలోపుగనే అది 50 లక్షలు చేయును. “చూచితిరా, నా సొమ్ము నాకు వచ్చినది” అని అతడు సంతసించును. కాని ప్రక్క స్థలమును 40 లక్షలకే కొన్నవానికి కూడ అదే పెరుగుదల కలిగినది. అతనివద్ద స్థలముతోపాటు 10 లక్షల రూపాయలు మిగిలియున్నవి. వానిపై వడ్డీయు వచ్చుచున్నది. ఇరువురి నడుమ నున్న తేడా తీరలేదు సరికదా, వడ్డీతో పెరిగినది. ధరల పెరుగుదల ఈ నష్టమును కప్పివేయునే గాని తీర్చదు. ఆ అదనపు 10 లక్షలు అప్పు తెచ్చినవైనచో సంగతి మరింత స్పష్టము. నూటికి తొమ్మిది వడ్డీకి ఇరువది సంవత్సరముల గడువుతో తీసిన 10 లక్షలకు నెలకు సుమారు 9,000 రూపాయల కిస్తీ చొప్పున మొత్తము 21 లక్షల 60 వేల దాకా చెల్లించవలెను.

అయితే న్యాయముగా రెండవ వైపును చూడవలెను. సరియైన ధర కొరకే కాచుకొని కూర్చున్నవాడు కూడ నష్టపోవుట కలదు. సాలుకు నూటికి పది పెరుగు బజారులో నూటికి అయిదు తగ్గింపు కొరకు సంవత్సరము ఆగినవాడు, చివరకు మొదటి ధరకంటె ఎక్కువయే పెట్టి కొనును. ఆ సంవత్సరపు అద్దెయు పోవును. కావున తాను నివసించు ఇంటికి, తన కూడబెట్టిన సొమ్ముతో, నూటికి నాలుగైదు ఎక్కువ పెట్టుట పెద్ద దోషము కాదు. పిల్లల చదువునకు అనువైన పేట, మంచినీరు, దస్తావేజుల స్పష్టత వీనికొరకు కొంత ఎక్కువ ఇచ్చుట వివేకమే. ఎంత ఎక్కువ, ఎవరి సొమ్ము, ఎన్నాళ్ళు ఉంచుకొనగలము, అను మూడింటిని బట్టి ఎక్కువ పెట్టుట చిన్న లోపమో, కొంప ముంచు తప్పో యగుచున్నది.

నివసించుటకు కొన్నవానికి భయమే లేదందమా యన్నచో, జపాను అనుభవము అడ్డువచ్చును. అచ్చట 1987 ఫిబ్రవరి నాటికి కేంద్ర బ్యాంకు తన వడ్డీరేటును నూటికి రెండున్నరకు తగ్గించగా, అప్పులు చౌకయై ధనము నేలపైకి ప్రవహించెను. “మా ద్వీపములలో నేల కొరత, ధర ఎన్నటికి తగ్గదు” అని ఆ దేశీయులును నమ్మిరి. తండ్రి తీర్చలేని అప్పును కొడుకులు, మనుమలు తీర్చునట్లు నూరేండ్ల గడువుతో గృహఋణములు వెలసెను. 1989 మే నుండి వడ్డీరేట్లు పెంచబడెను. 1990లో షేర్లు, 1991 తరువాత భూముల ధరలు పడనారంభించెను. ఆరు పెద్ద నగరములలో వ్యాపార స్థలముల ధర ఆ తరువాతి పదునైదేండ్లలో నూటికి 80 పాళ్ళకు పైగా తగ్గెను. 1989 డిసెంబరులో టోక్యో షేర్ల సూచిక చేరిన శిఖరమును మరల దాటుటకు 2024 ఫిబ్రవరి వరకు, అనగా 34 సంవత్సరములు పట్టెను. శిఖరమున ఇల్లు కొన్న జపాను ఉద్యోగి కిస్తీలు కట్టుచు ఆ యింటనే యుండెను. అతనికి నిలువ నీడ పోలేదు. కాని ఇల్లు అమ్మినను అప్పు తీరదు గనుక, ఊరు మారవలసివచ్చినను కదలలేకపోయెను.

ఈ తుది మాట కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ప్రత్యేకముగ వర్తించును. వర్తకుడు తన యిష్టము వచ్చినప్పుడు కొని, యిష్టము వచ్చినప్పుడు అమ్మును. మన బదిలీ ఆజ్ఞ బజారు ధరను చూచి వెలువడదు. మన ఉద్యోగ విరమణ తేదీ, మనము చేరిననాడే పుట్టినతేదీని బట్టి నిర్ణయమైపోయినది. కూతురి పెండ్లి, కొడుకు చదువు, తల్లిదండ్రుల వైద్యము ఇవియు ఆగవు. 1865 నాటి వాయిదా బేరగానివలె మనమును నిర్ణీత దినములకు కట్టుబడినవారమే. అందువలన కాలము మనపక్షమున నున్నదని ఇతరులకంటె మనము తక్కువగా తలంపవలెను. 1956 నుండి అమలులో నున్న ఇంటి నిర్మాణపు అడ్వాన్సు నిబంధనలలో ఈ జాగ్రత్త కనబడుచున్నది. 2017 నాటి నిబంధనల ప్రకారము 34 నెలల మూలవేతనము, 25 లక్షల రూపాయలు, ఇంటి ఖరీదు, తిరిగి చెల్లింపగల శక్తి వీనిలో ఏది తక్కువయైన అదియే అడ్వాన్సునకు హద్దు. బజారు ఎంత పలికినను అప్పు జీతమును మించరాదని దాని భావము. ఆ హద్దు ఇబ్బందికరమని మనము విసుగుకొనుట కలదు. 1863లో బ్యాంక్ ఆఫ్ బాంబే నిబంధనలను సడలించినవారును అట్లే విసుగుకొనియుందురు.

కావున స్థలము చూడబోవువారు “ఇది పెరుగునా?” అని మాత్రమే అడుగక, మరి రెండు ప్రశ్నలు కూడ వేసికొనవలెను. ఈ ధర పదేండ్లు పెరుగకున్నను కిస్తీ కట్టుచు ఉండగలనా? నాకు సొమ్ము అవసరమైన నాడు సగము ధరకే పోయినను నా కుటుంబము నిలువగలదా? ఈ రెంటికి “అవును” అని చెప్పగలవాడు కొంత ఎక్కువ పెట్టినను భయపడనక్కరలేదు. చెప్పలేనివానికి బజారు ధరయే ఎక్కువ ధర.

ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ మంచి దినములలో బొంబాయి విశ్వవిద్యాలయమునకు నాలుగు లక్షల రూపాయలు దానము చేసెను. ఆ సొమ్ముతో గ్రంథాలయము, 1878లో పూర్తియైన రాజాబాయి గడియారపు గోపురము వెలసెను. ఆ గోపురమునకు అతని తల్లి పేరే పెట్టిరి. లక్షలు పోసి అతడు కొన్న షేర్లు చిత్తుకాగితములైనవి. ఇచ్చివేసిన సొమ్ము మాత్రము రాతికట్టడమై, విద్యార్థులకు చదువుకొను చోటై, నేటికిని నిలిచియున్నది.